మండూక మహారాజు పాదాజ్ఞ

మందారపురి సభామండపాన్ని చూసి కళ్ళు చెదరనివాడు ఇంకా పుట్టలేదు. చంద్రకాంత శిలల నేల, పగడపు తీగలు అల్లుకున్న స్తంభాలు, తీగలకు మరకతాల ఆకులు, ఆకుల చాటున మాణిక్యాల కళ్ళతో తొంగిచూసే వెండి చిలకలు, పైన ముత్యాల జాలరులు వేలాడే చాందినీ, దాని కింద నెమలి పింఛాల వింజామరలతో బారులు తీరిన పరిచారికలు. అంతటి సభకు నట్టనడుమ నవరత్న సింహాసనం. సింహాసనం మీద పట్టుపరుపు. ఆ పరుపు మీద, మహారాజాధిరాజు మహీధరవర్మ కూర్చోవలసిన చోట, ఒక కప్ప కూర్చుని ఉంది.

పోనీ పెద్ద కప్పా అంటే అదీ కాదు, బొటనవేలంత కప్ప. దానికే శ్వేతచ్ఛత్రం పట్టారు. వందిమాగధులు దాన్నే చూస్తూ "శత్రుగజ కంఠీరవా!" అని గొంతులు చించుకుంటున్నారు. అది మాత్రం నిదానంగా కళ్ళార్పుతోంది.

నెల కిందట మహీధరవర్మ వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అడవులన్నీ గాలిస్తూండగా ధూమ్రజటి అనే మాంత్రికుడు బంగారు భరిణె పట్టుకుని కోటకు వచ్చాడు. భరిణెలో ఈ కప్ప, కప్ప పక్కన రాజుగారి ఉంగరం. "ముని శాపం తగిలి మీ ప్రభువు ఇలా అయ్యాడు. నోట మాట లేదు గాని బుద్ధి పదిలంగానే ఉంది. మంగళవాద్యాలు మోగించి ప్రశ్న అడగండి. సమ్మతమైతే కాలెత్తుతాడు" అన్నాడు. నగారాలు, బూరలు, శంఖాలు చెవులు బద్దలయ్యేలా మోగించి అడిగారు. కప్ప వెనక కాలు బారుగా చాచి, వేళ్ళు విసనకర్రలా విప్పి ఊపింది. సభంతా సాష్టాంగపడింది.

అప్పటి నుంచి ఆ కాలెత్తడానికి పాదాజ్ఞ అని పేరు. ధూమ్రజటిని రాజగురువును చేసింది పాదాజ్ఞే. వాడికి తూర్పు మేడ ఇప్పించిందీ పాదాజ్ఞే. మంత్రి వాచస్పతి తర్కశాస్త్రంలో దిట్ట. అయితే ఎంతటి తర్కమైనా కాలెత్తి చూపించలేదు కదా, అందుకని ఆయన కూడా గడ్డం నిమురుకుంటూ ఊరుకున్నాడు.

ఈ మధ్యాహ్నం అడగబోయే ప్రశ్న మాత్రం ప్రాణం తీసేది. "రాజముద్రికను ధూమ్రజటికి ఇమ్మంటారా?" కాలు లేచిందంటే రాకుమారి కుందనిక తన చేతిలోని రాజముద్రికను వాడికి అప్పగించాలి. తండ్రి మాట జవదాటని పిల్ల కాబట్టి తప్పక అప్పగిస్తుంది. ఆ క్షణం నుంచి మందారపురి ధూమ్రజటిది.

అంతా మాంత్రికుడు అనుకున్నట్టే జరిగేది గాని, కప్ప తిండి మానేసింది. బంగారు పళ్ళెంలో బూరెలు పెట్టారు, పులిహోర పెట్టారు, దద్దోజనం పెట్టారు. దేన్నీ కన్నెత్తి చూడలేదు. కాలెత్తే ఓపికైనా లేకుండా డస్సిపోయింది. అది చస్తే తన పంట కూడా పండదని ధూమ్రజటికి తెలుసు. ప్రభువు చేత ముద్ద తినిపించినవాడికి కోరిన వరమని వాడే చాటింపు వేయించాడు.

ఆ చాటింపు విని వచ్చాడు, మూతపెట్టిన వెండి గిన్నెతో, దేశాంతరం నుంచి ఒక వంటవాడు.

ఈ వంటవాడికి గరిటె ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. తలపాగాలో సగం దాచుకున్న ఆ ముఖం తామ్రగిరి రెండవ రాకుమారుడు అరుణకేతుది. అన్నగారు కత్తిసాము నేర్చుకుంటున్న వయసులో ఇతగాడు శల్కపాదాచార్యుల ఆశ్రమంలో చేరి పాకేవాటినీ గెంతేవాటినీ చదువుకున్నాడు. పాములు, తొండలు, తాబేళ్ళు, మొసళ్ళు, కప్పలు, ఇవే ఆ ఆశ్రమంలో వేదాలు. అక్కడొక ఆచారం ఉంది. కొత్త శిష్యుడు ఏడాది పాటు ఏ జీవినీ పేరు పెట్టి పిలవకూడదు. ఎక్కడ ఉంది, ఏం తింటోంది, ఎందుకు కదిలింది, అంతే చెప్పాలి. పేరు తెలిసిన మరుక్షణం మనిషి చూడడం మానేస్తాడని ఆచార్యుల నమ్మకం. తామ్రగిరిలో మాత్రం అరుణకేతును చాటుగా కప్పల దొర అని నవ్వేవారు. అతని వెంట ఎప్పుడూ ఉండే మల్లయోధుడు గజస్కంధుడు పులిని చెవి పట్టి లాగగలడు గాని బల్లిని చూస్తే మంచమెక్కుతాడు.

కొలువుకు ముందు ప్రభువును స్నానమందిరానికి తెచ్చారు. కుందనిక పన్నీటి గిన్నె చేత పట్టుకుంది. నిద్ర లేక ఆమె కళ్ళు ఎర్రబారి ఉన్నాయి.

"ఆగండి రాకుమారీ, పన్నీరు వద్దు!" అన్నాడు అరుణకేతు.

"మా నాన్నగారికి పన్నీటి స్నానమే అలవాటు."

"కప్పకు ఒళ్ళే నోరండీ. నీళ్ళు చర్మంతోనే తాగుతుంది. పన్నీరూ అత్తరూ అన్నీ లోపలికే పోతాయి. మామూలు బావినీళ్ళు తెప్పించండి."

బావినీళ్ళు పడగానే కప్ప ఒళ్ళు నిగనిగలాడింది. అప్పుడతను గిన్నె మూత తీశాడు. లోపల ఉసిళ్ళు బిలబిలలాడుతున్నాయి. చెలికత్తెలు కెవ్వుమని గోడకు అతుక్కుపోయారు. గజస్కంధుడు వాళ్ళ వెనక నక్కాడు.

"కదలనిది దీని కంటికి తిండే కాదు. బూరె అయినా గులకరాయి అయినా దీనికి ఒకటే" అంటూ అతను ఒక ఉసిలిని వదిలాడు. నాలుక టప్పున వచ్చింది, ఉసిలి మాయమైంది. ఇంకొకటి, మరొకటి. కుందనిక చేతులు జోడించి, "తిన్నారు! నాన్నగారు తిన్నారు!" అని ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వు చూసి అరుణకేతు గిన్నె మీద మూత పెట్టేశాడు. ఇప్పుడు తాను చెప్పబోయేది ఆమెకు చెప్పడం ఎంత కష్టమో అతనికి అర్థమైంది.

అదే సమయానికి బయట నగారాలవాళ్ళు సాధన మొదలుపెట్టారు. కప్ప గబుక్కున పక్కనున్న వెండి పళ్ళెం వైపు తిరిగి కాలెత్తి ఊపింది. వాద్యాలు ఆగాయి. కప్ప కాలు దించి, గొంతు ఉబ్బించి ట్రిక్కు ట్రిక్కుమని చిన్నగా కూసింది. అరుణకేతు ముఖం వెలిగిపోయింది.

"గజస్కంధా, వెళ్ళి వాళ్ళను మళ్ళీ వాయించమను. నేను చెయ్యి ఊపితే ఆపమను."

"వంటవాడు చెబితే వింటారా చిన్నదొరా?"

"నీ భుజాలు చూపించు, వింటారు."

విన్నారు. నగారా మోగినప్పుడు కప్ప పళ్ళెంలోని తన ప్రతిబింబానికి కాలు చూపించింది. నగారా ఆపితే కూసింది. నగారా మోగిస్తూ పళ్ళేన్ని తీసేస్తే కాలూ ఎత్తలేదు, గొంతూ ఎత్తలేదు, ఇంకో ఉసిలి కోసం చూసింది. అంతా మరొకసారి చేసి చూశాడు. తేడా రాలేదు.

"రాకుమారీ, నేను వంటవాణ్ణి కాదు. తామ్రగిరి రాకుమారుణ్ణి, కప్పలను చదువుకున్నవాణ్ణి. మీకు కోపం రావచ్చు, అయినా చెప్పక తప్పదు. ఇది మీ తండ్రిగారు కాదు. పుట్టుకతోనే కప్ప."

కుందనిక పక్కనున్న బావినీళ్ళ చెంబు అందుకుని విసిరింది. అతను తల వంచాడు గనుక బతికాడు.

"నెల రోజులుగా నా ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాను! మీరెవరు కాదనడానికి?"

"మీరు చూసుకున్నది నిజమే. కాని మహారాజు అన్న పేరు విన్నాక ఎవరూ దీన్ని చూడలేదు. కొన్ని కప్పలు హోరెత్తే నీళ్ళ దగ్గర బతుకుతాయి. అక్కడ కూత వినబడదు. అందుకని ఎదుట ఇంకో మగకప్ప కనబడితే 'ఇది నా రాయి, దాటి రాకు' అని కాలెత్తి చెబుతాయి. సింహాసనం ఎదుట బంగారు అద్దం పెట్టించింది ఎవరు?"

"ధూమ్రజటి. ప్రభువు తన రూపం మరిచిపోకూడదని..."

ఆమె మాట సగంలో ఆగింది. కప్ప వంక తిరిగింది. సిగ్గు, కోపం, ఆశ ఒకదాని మీద ఒకటి ఆ ముఖంలో కనబడ్డాయి.

"అయితే మా నాన్నగారు ఎక్కడ?"

"ఈ కప్పను వాడు ఎక్కడ పట్టాడో ఆ చుట్టుపక్కలే ఉండాలి. చెవులు పగిలే హోరున్న జలపాతం ఈ రాజ్యంలో ఎక్కడుంది?"

"ఒక్కటే ఉంది. ఘోషగుండం" అంది కుందనిక. "నాన్నగారు వేటకు వెళ్ళింది ఆ వైపే."

మధ్యాహ్నపు గంట మోగింది. సభ నిండింది. ధూమ్రజటి జడలు విదిలించి, కమండలం ఎత్తి, "మోగించండి మంగళవాద్యాలు!" అని గర్జించాడు.

"వద్దు! నాన్నగారికి తలనొప్పిగా ఉంది. నిశ్శబ్దంగా అడగండి" అంది కుందనిక.

సభ గుసగుసలాడింది. తలనొప్పి అన్నాక కాదనేవాడెవడు? ధూమ్రజటి పళ్ళు నూరుకుంటూ, "ప్రభూ, రాజముద్రికను నాకు ఇప్పిస్తారా?" అని అడిగాడు. కప్ప ట్రిక్కుమంది. కాలు కదలలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ట్రిక్కుమంది. వాడి నుదుట చెమట పట్టింది.

"దేవతల వాద్యం లేనిదే ప్రభువు పలకడు!"

"సరే, మోగించండి. ఈసారి ప్రశ్న కూతురు అడుగుతుంది." నగారాలు, బూరలు, శంఖాలు ఒక్కపెట్టున లేచాయి. ఆ హోరును మించి కుందనిక గొంతెత్తింది. "నాన్నగారూ! ఈ ధూమ్రజటికి గుండు గీయించి, సున్నపు బొట్లు పెట్టించి, గాడిద మీద ఊరేగించమంటారా?"

కప్ప బంగారు అద్దం వంక చూసి, కాలు బారుగా చాచి, వేళ్ళు విప్పి, తనివితీరా ఊపింది.

ఆ తరువాత వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరుస వరుసా దాటుకుంటూ వచ్చి వాచస్పతి గడ్డం దాకా చేరింది. "పాదాజ్ఞ! పాదాజ్ఞ! మంగలిని పిలవండి!" అని ఆయనే అరిచాడు.

ధూమ్రజటి కమండలం నేలకేసి కొట్టాడు. నల్లటి పొగ సభను కమ్మేసింది. పొగలోంచి వాడి గొంతు వినబడింది. "నవ్వండి! పొద్దు వాలేలోగా మీ అసలు రాజు శవమవుతాడు!" పొగ విడిపోయేసరికి వాడు లేడు. గుమ్మంలో కట్టేసి ఉన్న వాచస్పతిగారి పంచకల్యాణి గుర్రమూ లేదు.

"కొండ దారిన పోయాడు. చుట్టు దారి, అయినా గుర్రం మంచిది" అన్నాడు మంత్రి దిగాలుగా.

"దగ్గర దారి లేదా?" అడిగాడు అరుణకేతు.

"ఉంది. మకరమడుగు మీదుగా. అటు పోయినవాళ్ళెవరూ అది దగ్గర దారని చెప్పడానికి తిరిగి రాలేదు."

కుందనిక రాజముద్రికను వాచస్పతి చేతిలో పెట్టి, చీరచెంగు నడుముకు బిగించి అప్పటికే గుర్రమెక్కింది. ముగ్గురూ ఏటి గట్టున దుమ్ము లేపుకుంటూ దౌడు తీశారు.

మకరమడుగు ఒడ్డున ఇసుక మీద మొసళ్ళు పడి ఉన్నాయి. చిన్నవి, పెద్దవి, పాచి పట్టినవి, అన్నీ నోళ్ళు బార్లా తెరుచుకుని ఉన్నాయి. గుర్రాలు అడుగు వెయ్యమని మొరాయించాయి. వాటిని వదిలేసి నడవవలసి వచ్చింది.

"నోళ్ళు తెరిచినయ్ చిన్నదొరా! మనకోసమే తెరిచినయ్!" అన్నాడు గజస్కంధుడు కళ్ళు మూసుకుని.

"మనకోసం కాదు, ఎండకు. కుక్క నాలుక చాపుకున్నట్టు ఇవి నోరు తెరుచుకుని ఒంటివేడి తగ్గించుకుంటాయి. పరుగెత్తకు. చప్పుడు చెయ్యకు. దూరంగా, మెల్లగా నా వెనకే రా."

అలాగే మెల్లగా సగం దూరం వచ్చారు. అప్పుడు పొరపాటు చేసింది గజస్కంధుడు కాదు, శల్కపాదాచార్యుల ప్రియశిష్యుడే. ఎదుటి నోళ్ళన్నీ లెక్కగా గమనిస్తూ కాళ్ళ కింద చూసుకోలేదు. గడ్డీ గాదమూ కప్పిన మెత్తటి దిబ్బలో కాలు మోకాలి దాకా దిగబడింది. గుడ్ల దిబ్బ! పక్కనున్న రెల్లు రెండుగా చీలి తల్లిమొసలి దూసుకొచ్చింది. దాని దవడలు అరుణకేతు మోకాలికి జానెడు దూరంలో ఫట్టుమని మూసుకున్నాయి.

"గజస్కంధా! నోరు మూసినప్పుడే పట్టుకో! మూసే బలం ఏనుగంత, తెరిచే బలం ఎలుకంత!"

"నేనా? బల్లికే భయపడతాను, ఇది బల్లులకు తాతమ్మ!" అని ఏడుస్తూనే ఆ మహాకాయుడు ఎగిరి దాని మెడ మీద పడి రెండు చేతులా దవడలు బిగించాడు. మొసలి తోకతో ఇసుక ఎత్తిపోసింది గాని నోరు మాత్రం తెరవలేకపోయింది. అరుణకేతు తలపాగా విప్పి మూతికి చుట్టాడు.

"జారుముడి వెయ్యండి. గుడ్లున్న తల్లి పాపం, తరువాత ఊడదీసుకోవాలి కదా" అంది కుందనిక.

అతను జారుముడే వేశాడు. కాలు పడిన చోట గడ్డి సర్ది దిబ్బను యథాతథంగా కప్పాడు కూడా. తరువాత ముగ్గురూ కాళ్ళకు బుద్ధి చెప్పారు.

ఘోషగుండాన్ని కళ్ళకంటే ముందు కాళ్ళు పోల్చుకున్నాయి, నేల అంతగా అదురుతోంది. నింగి అంచు నుంచి పాలకడవలు ఒలికినట్టు నీళ్ళు దూకుతున్నాయి. తుంపరలో ఇంద్రధనుస్సులు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. పసుపుపచ్చని నాచు పట్టిన ప్రతి రాయి మీదా ఒక బొటనవేలంత మహారాజు. రాతికొక రాజు, ఎవరి సింహాసనం వారిది. ఒకడు కాలెత్తితే ఎదుటివాడు రెండు కాళ్ళూ ఎత్తుతున్నాడు. కుందనిక నెల రోజుల తరువాత కడుపారా నవ్వింది. ఆ హోరులో నవ్వు వినబడలేదు గాని అరుణకేతు చూశాడు, బాగుందనుకున్నాడు.

నీటి తెర వెనక రాతి అంచు పట్టుకుని జారుకుంటూ వెళితే గుహ ఉంది, లోపలికి పోయేకొద్దీ హోరు తగ్గింది. గుహలో దివిటీ వెలుగుతోంది. దివిటీ పక్కన, గడ్డం మాసి, చొక్కా చిరిగి, మహారాజు మహీధరవర్మ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సంకెళ్ళు లేవు, కాపలా లేదు. మొలలో కత్తి కూడా ఉంది. ఎదుట గంగాళమంత తాబేలు. ఆయన ఒక్కొక్క ఆకు తుంచి దాని నోటికి అందిస్తూ, "ఇంకొక్క ముద్ద, మా అమ్మవు కదూ" అని బతిమాలుతున్నాడు.

"నాన్నగారూ!" అని కుందనిక పరుగెత్తింది.

రాజు కత్తి దూసి తాబేలుకు అడ్డం నిలబడ్డాడు. "ఆగు మాయావీ! ధూమ్రజటి ఇప్పుడీ వేషం పంపాడా? నా కూతురు ఇక్కడుంది. శాపం తగిలి ఇలా అయింది. ఒక్క అడుగు ముందుకు వేస్తే నరుకుతాను!"

అరుణకేతుకు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. కూతురికి కప్పను ఇచ్చినవాడు తండ్రికి తాబేలును ఇచ్చాడు. ఒకే ఎత్తుతో ఇద్దరినీ కట్టేశాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని తాబేలు పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాడు.

"మహారాజా, దీని పొట్ట పెంకు లోపలికి గుంట పడి ఉంది. తోక పొడుగ్గా, లావుగా ఉంది. ఇది మగ తాబేలు."

"నా కూతుర్ని మగవాడంటావురా!" అని రాజు కత్తి ఎత్తాడు. శాస్త్రం ఎంత నిజమైనా చెప్పడానికి వేళ చూసుకోవాలని ఆశ్రమంలో నేర్పి ఉండరు. గజస్కంధుడు ముందుకు దూకబోయాడు. అంతలో కుందనిక కత్తిని లెక్కచేయకుండా తండ్రి పాదాల వంక చూస్తూ విసురుగా వచ్చింది.

"మళ్ళీ చెప్పుల్లేకుండా తిరిగారా? మడమలు చూడండి ఎలా పగిలాయో! నెయ్యి రాసుకోమని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? మీరు నా మాట వింటేనా! చలిరాతి మీద కూర్చోవద్దని వైద్యులు చెప్పలేదూ?"

కత్తి రాజు చేతిలోంచి జారింది. "ఏ మాయా నన్ను ఇలా తిట్టదు" అన్నాడు. "అమ్మా కుందనా! నువ్వేనా తల్లీ!"

తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. గజస్కంధుడు వాళ్ళకంటే గట్టిగా ఏడ్చాడు. తాబేలు మాత్రం మిగిలిన ఆకులు తాను అందుకుని తింటోంది.

పైన గుర్రపు డెక్కలు. వెంటనే కొండ కూలినట్టు చప్పుడు. గుహ ముఖానికి అడ్డంగా బండ దొర్లిపడింది. బయట ధూమ్రజటి వికటాట్టహాసం చేశాడు. దూకే నీళ్ళు బండకు తగిలి దారి మళ్ళి గుహలోకి తిరిగాయి. చూస్తూండగానే మడమలు తడిశాయి, మోకాళ్ళు తడిశాయి. గజస్కంధుడు భుజం ఆనించి బండను నెట్టాడు. అది ఇసుమంత కదలలేదు.

"ఇటు రండి" అన్నాడు మహీధరవర్మ ప్రశాంతంగా. దివిటీ అందుకుని గుహ వెనక్కి నడిచాడు. మనిషి దూరేంత చీలిక ఉంది. లోపలి నుంచి చల్లటి గాలి వస్తోంది. "ఇది కొండకు అవతలి వైపు తేలుతుంది. మధ్యలో నాగబిలం దాటాలి, కాస్త జాగ్రత్త. నన్ను ఇక్కడికి తెచ్చిన వారంలోనే కనిపెట్టాను."

"దారి తెలుసా!" కుందనిక నిర్ఘాంతపోయింది. "చేతిలో కత్తి ఉంది, కాళ్ళకు సంకెళ్ళు లేవు. మరి ఎందుకు వెళ్ళలేదు నాన్నగారూ?"

"తాబేలు గుహ దాటితే బూడిదవుతుందన్నాడు వాడు." ఆయన దివిటీని అరుణకేతుకు ఇచ్చి, నీళ్ళలో తేలుతున్న ఆ గంగాళాన్ని రెండు చేతులా ఎత్తి భుజానికి ఆనించుకున్నాడు. "నిన్ను వదిలి ఎలా వెళతానమ్మా?"

కుందనిక ఆయన మోచెయ్యి పట్టుకుంది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. నాగబిలం అన్నమాట వినగానే గజస్కంధుడు గోవిందా అన్నాడు, అరుణకేతు కళ్ళు మెరిశాయి. దివిటీ ముందుకు సాగింది, దాని వెనకే అందరూ చీలికలోకి దూరారు.